అత్త నోట రంగం మాటలు

రైలు పలాసలో ఆగేసరికి బాగా తెల్లవారింది. రంగూన్ నుంచి నాకు తోడొచ్చిన కుటుంబం విశాఖపట్నం దాకా పోవలసినవాళ్ళు. వాళ్ళు నన్నూ నా రేకుపెట్టెనూ ప్లాట్‌ఫాం మీదికి దింపి, కిటికీలోంచి చేతులూపుతూ వెళ్ళిపోయారు. ఎవరైనా వస్తారని నాన్న చెప్పాడు గాని ఎవరొస్తారో చెప్పలేదు. పెట్టె మీద కూర్చున్నాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ రంగూన్‌లోనే. మా తాత కుర్రతనంలో ఉద్దానం నుంచి ఓడెక్కి, అక్కడి రేవులో మూటలు మోయడానికి పోయి, మళ్ళీ తిరిగి రాలేదు. తాత మాట్లాడిన తెలుగే ఇంట్లో మేమూ మాట్లాడేవాళ్ళం. చదవడం, రాయడం మాత్రం నాకు బర్మా భాషలోనే వచ్చు. అవి తొంభైల చివరి సంవత్సరాలు. అక్కడ కాలేజీలు మూతపడి చాలాకాలమైంది. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. కూతురు ఊరికే ఇంట్లో కూర్చుని దిగులు పడుతోందని నాన్న, "మీ అత్త దగ్గరికి పోయి కొన్నాళ్ళుండి రా" అన్నాడు.

ఆ అత్తను నేనెప్పుడూ చూడలేదు. నాన్నకు ఒక్కతే అక్క. ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే అక్కడి సర్కారు మనవాళ్ళ కొట్లూ వ్యాపారాలూ తీసేసుకుంది. వేలమంది ఓడలెక్కారు. కొట్లో గుమాస్తాగా ఉన్న మామ కూడా పని పోయి, అత్తను తీసుకుని తన సొంతూరికి వచ్చేశాడు. నాన్నకప్పుడు పన్నెండేళ్ళు. ఆ తర్వాత అక్కా తమ్ముడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యాక, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి నా ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి ఆగాడు.

"రంగం మావ కూతురివి నువ్వేనేటి?"

తాత కూడా రంగూన్‌ను రంగం అనే అనేవాడు. ఆ మాట వినగానే నాకు సగం భయం పోయింది. ఆయన అత్త కొడుకు, నాకు బావ. నన్నెలా పోల్చుకున్నావని తర్వాత అడిగితే, స్టేషన్ మొత్తానికి లుంగీ కట్టుకున్న ఆడపిల్ల ఒక్కతే ఉంది, ఇంకా పోల్చుకోడానికేముంది అన్నాడు. మా దేశంలో ఆడా మగా అందరం కట్టేది లుంగీయే. ఇక్కడ అది మగవాళ్ళ బట్ట అని నాకు తెలియదు. ఆ రోజు స్టేషన్లో అందరూ నన్నెందుకు చూశారో అప్పుడర్థమైంది.

కాశీబుగ్గలో బస్సెక్కాం. ఊరంతా జీడిగింజలు వేయిస్తున్న ఘాటైన పొగ. ఊరు దాటాక పొగ పోయి, తడి ఇసుక వాసన, మొగలిపొదల వాసన మొదలయ్యాయి. వానలు వెనకపట్టిన రోజులు. ఆకాశం కడిగినట్టుంది. వజ్రపుకొత్తూరు వైపు పోయేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరిచెట్లు, వాటి కింద జీడిమామిడి, మధ్యమధ్య పనస. ఎండ నేలకు దిగే సందులేదు. తాత ఈ తోటల గురించి చెబుతుంటే ముసలాయన గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు.

అత్త వాకిట్లో కొబ్బరీనెలు చీరుతూ కూర్చుని ఉంది. లేచి, చేతులు చీరకొంగుకు తుడుచుకుని, నా ముఖం కేసి చాలాసేపు చూసింది. తర్వాత నాతో కాకుండా కోడలితో, "అచ్చం తమ్ముడి ముక్కే" అంది. నాతో మాత్రం, "నీళ్ళు తోడి ఉన్నాయి, పోసుకుని తిను" అంది. అంతే. ఏడుపులూ కౌగిలింతలూ ఉంటాయని దారిపొడవునా అనుకుంటూ వచ్చాను. అవేవీ లేవు.

ఇల్లు రెండు గదుల డాబా, ముందు కొబ్బరాకు పాక. మామ అప్పటికే లేడు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చిపోయి, విశాఖపట్నం ఆసుపత్రికి తిరిగి తిరిగి పోయాడట. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అలా పోయినవాళ్ళు చాలామంది ఉన్నారనీ, ఎందుకో ఎవరికీ తెలియదనీ బావ చెప్పాడు. బావ కొబ్బరికాయలు కొని లారీలకెత్తించేవాడు. బావ భార్యను నేను అక్కా అనేదాన్ని. వాళ్ళకు ఒకటో తరగతి చదివే కూతురు. అది నన్ను మొదటి రోజే పిన్నీ అని పిలిచి, నా పెట్టె మూత ఎత్తింది.

ఊరందరికీ అత్త రంగం అత్త. పిల్లలకు రంగం మామ్మ. కాని ఆ ఇంట్లో రంగూన్ ఆనవాలు ఒక్కటీ లేదు. పటం లేదు, గిన్నె లేదు, మాట లేదు. నేను భోజనాల దగ్గర మా వీధి గురించో, మా ఇంటి గురించో మొదలుపెడితే అత్త లేచి వెళ్ళి దూడకు గడ్డి వేసేది. నేను రావడం ఆమెకు ఇష్టం లేదేమోనని రెండు వారాలు బాధపడ్డాను. చివరికి అక్కనే అడిగాను. అక్కకు కూడా చూసిన సంగతి కాదు, విన్నదే. అత్త కాపురానికొచ్చిన కొత్తలో నోరు జారి బర్మా మాటలు వచ్చేసేవట. నూతి దగ్గర ఆడవాళ్ళు ఆ మాటలు పట్టుకుని వెక్కిరించేవారట. ఒకరోజు వాళ్ళత్తగారు పిలిచి, ఆ కొక్కిరాయి మాటలు ఇక కట్టిపెట్టమందట. కట్టిపెట్టేసింది.

"మళ్ళీ మేమెవురం ఆ మాటలు ఇన్నేదు" అంది అక్క.

నాకు ఊరు అలవాటు కావడానికి కొంత సమయం పట్టింది. అక్క తన వోణీలిచ్చింది. లుంగీలు పెట్టె అడుక్కి పోయాయి. కూరల్లో కారం తట్టుకోలేక నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పాప పడీ పడీ నవ్వేది. ఊళ్ళో ముసలివాళ్ళకు మాత్రం నేనంటే మహా ముచ్చట. నా తెలుగు మా తాత ఓడెక్కిననాటి తెలుగు. రైలును పొగబండి అనేదాన్ని, గవర్నమెంటు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేదాన్ని. "మా తాత ఇలగే మాటాడీవోడు" అంటూ ఒక ముసలాయన రోజూ సాయంత్రం వచ్చి పాకలో కూర్చుని, నా చేత ఏదో ఒకటి మాట్లాడించుకుని పోయేవాడు.

ఇంట్లో బిగువు సడలిన రోజు నాకు బాగా గుర్తుంది. మా దేశంలో ఆడవాళ్ళం పొద్దున్నే ఒక రకం చెక్కను నీళ్ళతో అరగదీసి, ఆ గంధం బుగ్గలకు పూసుకుంటాం. ఎండకు చలవ. నేను వచ్చేటప్పుడు అమ్మ ఒక చెక్కముక్క పెట్టెలో పెట్టింది. ఒకరోజు ఎండ చురుక్కుమంటుంటే అక్కతో, "ఇక్కడికొచ్చాక తనఖా పెట్టుకోనేలేదక్కా. ఇవాళ పెట్టుకోకపోతే నావల్ల కాదు" అన్నాను.

మా భాషలో ఆ చెక్క పేరు తనఖా. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థముందని నాకేం తెలుసు?

అక్క ముఖం మారిపోయింది. నా చెవులకున్న బంగారు దిద్దుల వైపు చూసి, చేతిలో చాట అక్కడే వదిలి పెరట్లోకి నడిచింది. కాసేపటికి బావ కాళ్ళు కడుక్కుని వచ్చి, నాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"సూడమ్మా, ఏ అవసరమొచ్చినా నన్నడుగు. ఇంట్లో మేమంతా ఉండగా నువ్వు తనఖా ఎట్టుకోడమేటి? మావకి తెలిస్తే నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

ఇందులో ఆయన ముఖానికొచ్చిన ఇబ్బందేమిటో నాకర్థం కాలేదు. "నీ ముఖానిక్కాదు బావా, నా ముఖానికే" అన్నాను. "చెక్క తెచ్చుకున్నాను."

"సెక్క తనఖా ఎట్టుకునీవోడు పలాసలో ఎవుడున్నాడే?"

వంటింట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. మొదట పొలమారిందనుకున్నాం. అత్త గడప దగ్గరికొచ్చి, నడుం పట్టుకుని, అక్కడే కూలబడి నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తన పెళ్ళయ్యాక అత్త అలా నవ్వడం చూడలేదని అక్క తర్వాత అంది. నవ్వు తగ్గాక విషయం కొడుక్కి విడమరచి చెప్పింది. బావ సిగ్గుపడి తువ్వాలు దులుపుకుంటూ లేచిపోయాడు.

అత్త ఆ చెక్క తెమ్మంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దేవుడి దగ్గరి సాన తెచ్చి, నీళ్ళు చిలకరించి, తనే అరగదీసింది. నా రెండు బుగ్గలకూ గుండ్రంగా పూసింది. పాప బుగ్గలకు పూసింది. తర్వాత కోడలి వైపు ఓరగా చూసి, మిగిలింది తన బుగ్గలకు పూసుకుంది. వేళ్ళు ఇంకా చెంప మీదే ఉండగా, బర్మా మాటలో మెల్లగా "చల్లగుంది" అంది.

ఆ ఒక్క మాటతో మొదలైంది. మర్నాడు కాయలు ఒలుస్తూ, గొడుగునేమంటారో చెప్పు అంది. చెప్పాను. పిల్లినేమంటారంది. అన్నం, టీ, వాన, చెప్పులు, గాలిపటం. అన్నీ చిన్నపిల్లల మాటలు. వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న భాష, వచ్చిన దారినే తిరిగొచ్చింది. పదిరోజులకు చిన్న చిన్న వాక్యాలు కూడా వచ్చేశాయి. రంగూన్‌లో ఇప్పుడు ముసలమ్మలు తప్ప ఎవరూ అనని పలుకుబళ్ళు ఆమె నోట వచ్చేవి. నేను నవ్వితే, "నీ తెలుగు మాతరం గొప్పదేటి?" అనేది.

దసరాకు అందరం కాశీబుగ్గ వెళ్ళి పాపకు గౌను, నాకు చీర తెచ్చాం. అది నా మొదటి చీర. దుకాణంలో దాని అంచు అత్తే ఎంచింది. దసరా వెళ్ళిన కొద్దిరోజులకే పున్నమి. ఆ పున్నమికి మా దేశంలో ఇంటింటా దీపాలు పెట్టి, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకరిల్లి దీవెన తీసుకుంటారు. ఆ సాయంత్రం నేను పాక చుట్టూ కొవ్వొత్తులు వెలిగించాను. అత్త గట్టు మీద కూర్చుని చూస్తోంది. వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకానించాను. అత్తకు ఆ దీవెన మాటలు గుర్తు రాలేదు. మొదలుపెట్టింది, ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి నా తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు. లెగు, ఇసకంటుకుంతాది" అంది.

తర్వాత వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఎడతెగని వాన, గాలి. బావ లారీలు ఆగిపోయాయి. కరెంటు పోయింది. అందరం లోపలి గదిలో చేరాం. బయట తోటలో కొబ్బరికాయలు దబ్బుదబ్బున రాలుతుంటే పాప ఒక్కో శబ్దానికీ చెవులు మూసుకునేది. అక్క బూడిదలో జీడిపిక్కలు కాల్చి కొట్టిస్తే తిన్నాం. పాప ఒకటో తరగతి వాచకం తెచ్చుకుని నాకు మాస్టారమ్మ అయింది. తెలుగు అక్షరాలు నేను అక్కడే, దాని చేతికిందే నేర్చుకున్నాను. 'ఋ' రాయలేకపోతే నెత్తి మీద మొట్టేది. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ మొట్టికాయల చలవే. ఆ రెండు రోజులూ మేమెవ్వరం ఏ పనీ చెయ్యలేదు. కథలు చెప్పుకున్నాం, పడుకున్నాం, మళ్ళీ తిన్నాం. వాన వెలిశాక ఆకాశం నీలంగా బయటపడితే, అప్పుడే అయిపోయిందా అనిపించింది.

దీపావళి వెళ్ళిన నాలుగోనాడు నాగులచవితి. పొద్దున్నే తలంట్లు పోసుకుని, పాలచెంబు, చలిమిడి, చిమ్మిలి, పళ్ళెంలో పూలు పట్టుకుని జీడితోటలోకి నడిచాం. నేను కొత్తచీర కట్టుకున్నాను. ఇసకలో నడవడం చేతకాక కుచ్చిళ్ళు రెండుసార్లు ఊడితే అక్క సర్దింది. తోటలో మా ఊరివాళ్ళు, పక్క ఊరివాళ్ళు ఎక్కడికక్కడ పుట్టల దగ్గర గుంపులుగా ఉన్నారు. బావ కుటుంబం పాలు పోసింది. అత్త నా చేత కూడా పోయించింది. తర్వాత పాప దీపావళికి దాచుకున్న సీమటపాకాయలు తీసింది. దాన్ని పట్టుకుని అక్కా బావా దూరంగా ఇసకదిబ్బ వైపు వెళ్ళారు.

అత్తా నేనూ ఒక జీడిచెట్టు కింద కూర్చున్నాం. అక్కడి జీడిచెట్ల కొమ్మలు నేల మీదికి వంగి ఉంటాయి. ఒక కొమ్మ మాకు వీపు ఆనించుకోడానికి సరిగ్గా సరిపోయింది. చిమ్మిలి ఉండ సగం చేసి ఒక ముక్క నాకిచ్చి, అత్త బర్మా భాషలో అడిగింది. అప్పటికి ఆమెకు మాట బాగా సాగుతోంది.

"మా అమ్మ పోయేనాటికి నువ్వు ఇంట్లోనే ఉన్నావా?"

ఉన్నానన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆమె కాసేపు చిమ్మిలి నములుతూ కూర్చుంది. మింగి, మళ్ళీ అడిగింది.

"నన్నెప్పుడైనా తలుచుకుందా?"

నేను వచ్చి అప్పటికి రెండు నెలలైంది. ఆమె అడగాలనుకున్నది ఇదీ అని, ఇన్నాళ్ళూ అడగడానికి భయపడిందని నాకప్పుడు తెలిసింది. నాకు తెలిసింది చెప్పాను. నాయనమ్మకు చివరి వానాకాలంలో మనుషులు గుర్తుండేవారు కాదు. నన్ను నా పేరుతో పిలవడం మానేసి అత్త పేరుతో పిలిచేది. నేను మొదట్లో కోపం తెచ్చుకునేదాన్ని. ఏం పోయింది, పలుకు అని అమ్మ అనేది. అందుకని పలికేదాన్ని. బడినుంచి రాగానే రోజూ అడిగేది ఒకటే మాట: ఓడ దిగావా?

"నువ్వేమనేదానివి?" అంది అత్త.

"దిగాననేదాన్ని."

"తర్వాత?"

"అన్నం తిన్నావా అనేది. తిన్నాననేదాన్ని. అప్పుడు పడుకునేది."

దూరంగా దిబ్బ మీద సీమటపాకాయలు చిటపటమన్నాయి. పాప కేరింతలు వినిపించాయి. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడిచిందో లేదో నేను చూడలేదు. చూడకూడదనిపించి అటు తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి, ఈసారి తెలుగులో, "నా బదులు నువ్వు సెప్పినావు. మంచిపని సేసినావు గుంటా" అంది. ఖాళీ పాలచెంబు తీసుకుని లేచి, "పిల్ల సెయ్యి కాల్సుకుంతాదేటో, సూడు పద" అంటూ దిబ్బ వైపు నడిచింది.

తర్వాత చాలా రోజులు, పనుల మధ్య, ఆ సంగతే మళ్ళీ చెప్పించుకునేది. నేను చెప్పేదాన్ని. ఏ మాటా తగ్గించకుండా, ఏ మాటా కలపకుండా.

ఆ వారమే ఆమె, తమ్ముడితో మాట్లాడతానని కొడుకుకు చెప్పింది. అప్పటిదాకా కాశీబుగ్గ ఎస్‌టీడీ బూత్ నుంచి నేనూ బావే మాట్లాడేవాళ్ళం. రంగూన్‌లో నాన్న ఒక స్నేహితుడి కొట్లో ఫోన్ దగ్గర కాచుకునేవాడు. అత్త ఎప్పుడూ రానని ఇంట్లో ఉండిపోయేది. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని ముందుగా తనే బస్టాపులో నిలబడింది. బూత్‌లో ఫోన్ చెవికి ఆనించుకుని, అంతదూరం వినిపించాలంటే అరవాలనుకుందో ఏమో, గట్టిగా బర్మా భాషలో, "అన్నం తిన్నావా?" అంది. బూత్ ఓనరు తలెత్తి చూశాడు. బయట వరుసలో ఉన్నవాళ్ళు అద్దంలోంచి తొంగిచూశారు. ఆమె ఎవరినీ లెక్కచెయ్యలేదు. మాట్లాడుతూనే ఉంది. ఆ మొదటిమాట విన్నప్పుడు అక్కగా పోల్చుకోలేకపోయానని, చనిపోయిన అమ్మ గొంతే అనుకున్నానని నాన్న ఎన్నో ఏళ్ళ తర్వాత నాతో చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తకు ఒకటే హుషారు. ఇంటికి రాగానే, "ఒన్నో ఖౌస్వే వండుదాం" అంది. ఒన్నో అంటే కొబ్బరిపాలు. చిక్కటి కొబ్బరిపాల కోడిపులుసులో బియ్యప్పిండి సేవలు వేసి, పైన ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన మిరప్పొడి వేసుకుని తింటాం. కొబ్బరితోటల మధ్య ముప్పైనాలుగేళ్ళు కాపురం చేసి ఆ వంట ఒక్కసారీ వండలేదంటే నాకు ఆశ్చర్యమేసింది. వాళ్ళింట్లో కార్తీక సోమవారాలు తప్ప మిగతా రోజుల్లో పట్టింపు లేదు. ఆదివారం అనుకున్నాం.

కోడికీ కొబ్బరికీ కరువులేదు. సేవలకే వచ్చింది చిక్కు. కాశీబుగ్గలో దొరికిన సేమియా ఉడికిస్తే ముద్దయి కూర్చుంది. అత్త దాన్ని తీసుకుపోయి దూడకు పెట్టేసింది. నేనిక కుదరదనుకున్నాను. అక్క అటకెక్కి జంతికల గొట్టం దింపింది. బియ్యప్పిండి ఉడికించి ముద్ద చేసి, ఇడ్లీరేకుల మీద సన్నగా ఒత్తి ఆవిరి పట్టింది. అవి అచ్చం మా వీధి మూల అంగట్లో సేవల్లాగే వచ్చాయి. అక్క పొంగిపోయింది.

మధ్యాహ్నం పాకలో, అరిటాకుల్లో పులుసు నిలవదని గిన్నెలే పెట్టుకుని కూర్చున్నాం. రోజూ వచ్చే ముసలాయన కూడా వాసనకు వచ్చాడు. బావ రెండు ముద్దలు తిని ఆలోచించాడు.

"జంతికలు పులుసులో పడిపోయినట్టున్నాది" అన్నాడు.

అన్నాడేగాని మూడుసార్లు వడ్డించుకున్నాడు. పాప సేవలు ఒక్కొక్కటీ పీల్చి తిన్నది. అత్త అందరూ తిన్నాక, గోడకానుకుని కాళ్ళు చాపుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని నిదానంగా తిన్నది. ఉప్పు చాలలేదని మాత్రం అంది. తోటలోంచి గాలి చల్లగా వీస్తోంది. ఎండ పసుపుపచ్చగా, మెత్తగా పాకలోకి వాలింది. ఏ పండగా కాని ఆ ఆదివారం నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఇంకో శరదృతువు కూడా నేను వాళ్ళింట్లోనే గడిపాను. తర్వాత కాలేజీలు తెరిచారని కబురొచ్చింది. వెళ్ళిపోయాను. స్టేషన్లో అత్త జీడిపప్పు మూట నా చేతిలో పెట్టి, తమ్ముడికి సగం ఇమ్మంది. చదువు ముగించాక రెండేళ్ళు ఉద్యోగం చేశాను. అప్పుడు అత్తే ఫోన్ చేసి, టెక్కలిలో ఒక బడిపంతులు కుర్రాడున్నాడు, వాళ్ళు నిన్ను నాగులచవితినాడు తోటలో చూశారు, కట్టుకుంటావా అని బర్మా భాషలోనే అడిగింది. చీర కుచ్చిళ్ళు ఊడిపోతూ నడిచిన పిల్లను చూసి ఎవరు మెచ్చారో అనుకుంటూ వచ్చి చూసి, ఒప్పుకున్నాను. అలా టెక్కలి నా ఊరైంది. దసరా సెలవులిస్తే పిల్లల్ని తీసుకుని ఉద్దానం వెళ్ళిపోయేదాన్ని. నాగులచవితికి మళ్ళీ ఎలాగూ వెళ్ళేదాన్ని.

నాన్న మాత్రం వెంటనే రాలేకపోయాడు. ఏదో ఒక అడ్డంకి. చివరికి నా రెండోవాడు నడక నేర్చిన ఏడాది, ఆశ్వయుజమాసంలో వచ్చాడు. పలాస స్టేషన్‌కు అత్త కూడా వచ్చింది. పన్నెండేళ్ళ తమ్ముణ్ణి వదిలి వచ్చినామెకు జుట్టంతా నెరిసిన మనిషి రైలు దిగడం కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. నాన్న చెప్పులు విప్పి, అంత జనంలో, ప్లాట్‌ఫాం మీదే మోకరిల్లాడు. ఈసారి అత్త దీవెన మాటలు మర్చిపోలేదు. మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చెప్పింది.

నాన్న నెలరోజులు ఉన్నాడు. మొదటి రెండు రోజులూ ఇద్దరూ చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు. మూడోరోజు నేను వెళ్ళేసరికి పాకలో పెద్ద గొడవ జరుగుతోంది. రంగూన్‌లో వాళ్ళ సందులో మంచినీళ్ళ కుళాయి ఏ వైపున ఉండేదన్నది తగువు. అత్త ఎడమవైపంటుంది, నాన్న కుడివైపంటాడు. బర్మా భాషలో మొదలై తెలుగులోకి వచ్చింది.

"లాగు తొడుక్కోడం కూడా రాదు నీకప్పుడు. నీకేటి తెలుసు?" అంది అత్త.

తాను పుట్టినప్పటి నుంచీ ఆ సందులోనే ఉన్నానని నాన్న. కుళాయి దగ్గర బిందెలు మోసింది తానని అత్త. అప్పటికి ఇంటర్ చదువుతున్న పాప భయపడి నా దగ్గరికొచ్చి, నిజంగానే కొట్టుకుంటున్నారా పిన్నీ అని అడిగింది. అక్క టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, నవ్వాపుకుంటూ లోపలికి పోయింది. బావ పీటమీద కూర్చుని, ఒక మాటకు తల్లి వైపు, ఒక మాటకు మేనమామ వైపు తలాడిస్తున్నాడు. ఆ నలభైఐదేళ్ళ ఎడబాటు ఏమైందో నాకైతే కనిపించలేదు.

చివరికి నాన్నే తగ్గి, సరే, ఎడమవైపే ఉండేదని ఒప్పుకున్నాడు. అత్త తృప్తిగా టీ తాగింది. ఆ సాయంత్రం నాన్నను నాతో టెక్కలి తీసుకొస్తుంటే, బస్సు తోటలు దాటిందాకా ఆగి, నా చెవి దగ్గరికి వంగి, "కుడివైపేనే" అన్నాడు.